కథలో కొత్త జాతిని పుట్టిస్తున్నారా? గుడ్డు దగ్గర్నుంచి మొదలెట్టండి

నేను మొదటిసారి ఫాంటసీ రాసినప్పుడు మా జాతికి మూడు లింగాలు అని గొప్పగా రాసేసుకున్నాను, ఆడ, మగ, ఇంకోటి, ఆ ఇంకోదానికి ఒక అందమైన పేరు, వెండి రంగు కళ్ళు, పొడుగు వేళ్ళు. మా మేనమామ కూతురు జువాలజీ చదివింది, ఒడిశాలో మా బరంపురంలోనే ఉంటుంది, దానికి చదవమని ఇచ్చాను. మొత్తం చదివి ఒకటే అడిగింది, "బావా, అంతా బానే ఉంది గానీ ఈ మూడోవాళ్ళు ఏటి చేస్తారు?" నా దగ్గర జవాబు లేదు. నలభై పేజీల కథలో వాళ్ళు నిలబడి కళ్ళు మెరిపించడం తప్ప ఏం చెయ్యట్లేదు.

ఆ తర్వాత ఆ జాతినంతా పీకి పందిరేసి మళ్ళీ కట్టాను. ఎలా కట్టానో ఇక్కడ వరసగా చెప్తాను, నా జాతినే ఉదాహరణగా పెట్టుకుందాం. పేరు జోలువలు. జోలె ఉంటుంది కాబట్టి జోలువలు, పేరు కోసం అంతకంటే బుర్ర పెట్టలేదు. నది సముద్రంలో కలిసే చోట బతుకుతారు, మనిషంత ఎత్తు, గుడ్లు పెడతారు.

1. ఎవరు ఖర్చు పెడుతున్నారో ముందు తేల్చండి

ఆడ అంటే ఏంటి, మగ అంటే ఏంటి? గెడ్డం, గాజులు, గొంతు ఇవన్నీ పక్కన పెట్టండి. బయాలజీలో తేడా ఒక్కటే, పెద్ద కణం ఇచ్చేది ఆడ, చిన్న కణం ఇచ్చేది మగ. అండంలో పిండానికి కావాల్సిన సరుకంతా ఉంటుంది కాబట్టి తక్కువ తయారవుతాయి, వీర్యకణం ఒట్టి చీటీ లాంటిది కాబట్టి కోట్లలో తయారవుతుంది. మధ్య సైజు కణం ఉంటే ఏమవుతుందంటే అది చిన్నదానంత జోరుగా పోలేదు, పెద్దదానంత సరుకు మొయ్యలేదు, రెంటికీ చెడ్డ రేవడి. అందుకే జంతువుల్లో రెండు రకాలే మిగిలాయి.

అయితే కణం దగ్గర ఖర్చు అయిపోదు కదా. మొయ్యాలి, పొదగాలి, తినిపించాలి, కాపలా కాయాలి. రాబర్ట్ ట్రైవర్స్ అనే జీవశాస్త్రవేత్త 1972లో చెప్పింది ఇదే, పిల్లల మీద ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళు జోడీని ఏరి కోరి ఎంచుకుంటారు, తక్కువ పెట్టేవాళ్ళు వాళ్ళ కోసం కొట్టుకుంటారు. ఆ ఎక్కువ పెట్టేది ఎప్పుడూ ఆడే అవ్వాలని రూలేం లేదు. చిలికా సరస్సు పక్కన మంగళజోడి అనే ఊరు వెళ్తే తామరాకుల మీద నడిచే జకానా పిట్టలు కనిపిస్తాయి, అక్కడ ఆడది పెద్దది, గుడ్లు పెట్టేసి ఇంకో మొగుణ్ణి వెతుక్కుంటూ పోతుంది, మగది కూర్చుని పొదిగి పిల్లల్ని తిప్పుకుంటుంది. సముద్రపు గుర్రం చేపలో అయితే కడుపు మోసేది మగదే. గుడి గోపురం మీద పావురాలు చూడండి, తల్లీ తండ్రీ ఇద్దరికీ గొంతుసంచిలో పాల లాంటిది ఊరుతుంది, ఇద్దరూ పడతారు.

కాబట్టి కాగితం మీద మొదట రాయాల్సింది లింగాల పేర్లు కాదు, పనుల లిస్టు. గుడ్డు ఎవరిది, ఎవరు మోస్తారు, ఎన్ని రోజులు, ఎవరు తిండి పెడతారు, పిల్ల తన కాళ్ళ మీద నిలబడటానికి ఎన్నేళ్ళు. నా జోలువల్లో గుడ్డు ఆడది ఇస్తుంది, ఇసకలో పాతుతారు, పొదిగి బయటికొచ్చిన పిల్ల గుప్పెడంత ఉంటుంది, అది ఇంకో ఏడాది ఎవరిదో ఒకరి జోలెలో పెరక్కపోతే బతకదు. ఆ జోలె ఉన్నవాళ్ళే నా మూడోవాళ్ళు. మరదలి ప్రశ్నకి అలా జవాబు దొరికింది, ఏటి చేస్తారంటే మోస్తారు.

2. మూడో లింగం పెట్టాలనుకుంటే లెక్క చూసుకోండి

పిల్ల పుట్టడానికి ముగ్గురి కణాలూ కలవాలి అని పెట్టకండి, నా మాట వినండి. ఇద్దరు కుదరడానికే మనకి పెళ్ళిళ్ళ పేరయ్యలు, జాతకాలు, సైట్లు కావాలి. ముగ్గురు ఒకే రుతువులో ఒకే చోట కుదరాలంటే చిన్న ఊళ్ళో ఆ జాతి రెండు తరాల్లో ఖాళీ. కణాలు ఇద్దరివే ఉంచి మూడోవాళ్ళకి మోత పనో, పాల పనో ఇస్తే నిలుస్తుంది.

నిలుస్తుంది గానీ ఇక్కడో మెలిక ఉంది, నేను చాలా రోజులు దీని దగ్గర ఆగిపోయాను. తన కణం ఇవ్వనివాళ్ళు అసలు ఎందుకు పుడుతున్నట్టు? తేనెటీగల్లో కూలి ఈగలు సొంతంగా పిల్లల్ని కనకుండా రాణి పిల్లల్ని పెంచుతాయి, ఎందుకంటే ఆ పిల్లలు వాటి సొంత తోబుట్టువులు. రక్తసంబంధం ఉంటేనే మోత గిట్టుబాటు. అంటే నా జోలెవాళ్ళు దారిన పోయేవాళ్ళ పిల్లల్ని మొయ్యరు, అక్క పిల్లల్నో అన్న పిల్లల్నో మోస్తారు. అరె, ఇది మన మేనమామే కదా! అక్కడ నాకు జాతి మొత్తం కళ్ళముందు కనబడిపోయింది.

ఇక లెక్క. మన దగ్గర ఒక ఆడమనిషికి ఇద్దరు పిల్లలు పెరిగి పెద్దయితే జనాభా ఉన్నచోట ఉంటుంది, తన బదులు ఒకరు, మొగుడి బదులు ఒకరు. జోలువల్లో ముగ్గురూ సమానంగా ఉండాలంటే ఒక ఆడదానికి ముగ్గురు పెరగాలి. జీవితంలో నాలుగుసార్లు పన్నెండేసి గుడ్లు అనుకున్నాను, మొత్తం నలభై ఎనిమిది, సగం ఇసకలోనే పోతాయి, మిగిలిన ఇరవై నాలుగులో మూడు నిలబడాలి. అంటే ఎనిమిదింట ఒకటి. అంటే ఈ జాతిలో ప్రతి తల్లీ ఏడుగుర్ని పోగొట్టుకుని ఒకర్ని దక్కించుకుంటుంది, మరి వాళ్ళు పిల్లకి ఎప్పుడు పేరు పెడతారు? పుట్టగానే మాత్రం కాదు. ఒక్క కూడికా భాగహారం చేస్తే బారసాల ఎప్పుడో తేలిపోయింది, చూశారా.

3. ఆడో మగో ఏది తేలుస్తుంది

ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది.

మనకి ఎక్స్, వై క్రోమోజోములు, తండ్రి కణం తేలుస్తుంది. కోళ్ళలో తిరగేసి, తల్లి వైపు నుంచి తేలుతుంది. ఊరికే ఈ ఒక్క మార్పు చేసినా "మగపిల్లాణ్ణి కనలేదు" అని ఎవర్ని తిట్టాలో మారిపోతుంది (మనవాళ్ళు ఎలాగూ తప్పుడు మనిషినే తిడుతున్నారు అనుకోండి). తేనెటీగల్లో మగది ఫలదీకరణ జరగని గుడ్డులోంచి వస్తుంది, అంటే దానికి నాన్న ఉండడు, తాత మాత్రం ఉంటాడు. క్లౌన్‌ఫిష్‌లో అన్నీ మగగానే మొదలవుతాయి, గుంపులో పెద్ద ఆడది చచ్చిపోతే దాని మొగుడే ఆడదైపోతుంది. రాజ్యానికి వారసత్వం ఇలా పెట్టి చూడండి, రాణి పోతే రాజే రాణి. మన పెరట్లో బొప్పాయి కూడా తక్కువదేం కాదు, మగ చెట్టు, ఆడ చెట్టు, రెండూ కలిసిన చెట్టు అని మూడు రకాలుంటాయి, తాటిచెట్టుకి పోతుతాడు, పెంటితాడు అని వేరే వేరే మాటలే ఉన్నాయి మనకి.

నేను తీసుకున్నది మాత్రం తాబేలు పద్ధతి. బరంపురం నుంచి బైక్ మీద గంట వెళ్తే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, అక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడే గంగపుత్రులున్నారు. ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసకలోకి లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి, 2025లో అయితే ఆరున్నర లక్షలు దాటి వచ్చాయి. ఒక్కో గుంతలో వందా ఆ పైన గుడ్లు, నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు. వాటికి ఆడ మగ క్రోమోజోములు లేవు. ఇసక వేడి తేలుస్తుంది. సుమారు ఇరవై తొమ్మిది, ముప్పై డిగ్రీల దగ్గర అటూ ఇటూ కలిసి వస్తాయి, చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి. అది కూడా పొదిగే కాలం మధ్య భాగంలో ఉన్న వేడే లెక్క.

ఒక ఏప్రిల్ రాత్రి పిల్లలు బయటికొచ్చే టైంకి వెళ్ళాను. టార్చ్ వెయ్యొద్దన్నారు, లైటు కనబడితే సముద్రం అనుకుని అటు పోతాయట. చీకట్లో ఏం కనబడలేదు, తర్వాత కాళ్ళ ముందు ఇసక అన్నం ఉడికినట్టు కుతకుతలాడింది, ఒక చిన్న ముక్కు, ఇంకోటి, తర్వాత ఒకటే తోపులాట, నల్లగా అగ్గిపెట్టెంత పిల్లలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి పైకొచ్చేస్తున్నాయి. కాపలాకొచ్చిన ముసలాయన్ని అడిగాను, "తాతా, ఇది ఆడదా మగదా ఎలా తెలుస్తుంది?" ఆయన నవ్వి, "పెద్దదయ్యాక ఒడ్డుకొచ్చి గుడ్లెడితే ఆడది బాబూ, రాపోతే మగది. మగది నీట్లోకి దిగిపోనాక మరి ఒడ్డెక్కదు" అన్నాడు. నేను ఏడాదిగా కొట్టుకుంటున్న విషయం ఆయనకి ఒక్క ముక్క.

సరే జోలువల దగ్గరికి రండి. వేడి ఇసకలో ఆడవాళ్ళు, చల్లటి ఇసకలో మగవాళ్ళు, మధ్యస్తంలో జోలెవాళ్ళు. అదే గుంతలో పైన గుడ్లకి వేడి ఎక్కువ, అడుగున తక్కువ కాబట్టి లోతుగా తవ్వితే ఒకే తల్లికి మూడు రకాలూ పుడతారు, పిల్లల్ని మోసే జోలె తోబుట్టువు ఇంట్లోనే దొరుకుతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఊళ్ళో అందరికంటే పవర్ ఎవరికి ఉంటుంది? రాజుకి కాదు. గుంత తవ్వే ముసలమ్మకి. మూర లోతు తవ్వాలా, మూరన్నర తవ్వాలా ఆవిడ ఇష్టం, నీడ పందిరి వేస్తుందా తీసేస్తుందా ఆవిడ ఇష్టం, ఆడపిల్లలు కావాలనే డబ్బున్నవాడు రాత్రిపూట చేపల బుట్ట పట్టుకుని ఆవిడ గుమ్మం దగ్గర నిలబడతాడు. పైగా ఒక ఏడు ఎండ ముదిరిందంటే అంతా ఆడపిల్లలే పుడతారు, వాళ్ళు పెరిగి పెద్దయి గుడ్లు పెట్టే రోజుకి మొయ్యడానికి జోలెలు లేవు. ఎండ దెబ్బ పాతికేళ్ళ తర్వాత తగులుతుంది. కథ కోసం నేను వేరే విలన్‌ని వెతుక్కోనక్కర్లేకపోయింది.

మీకు తాబేలు నచ్చకపోతే చేప తీసుకోండి, తేనెటీగ తీసుకోండి, కానీ ఏదో ఒకటి తీసుకుని దాని వెంట చివరిదాకా నడవండి. ఒక చిన్న హెచ్చరిక, లింగాల నిష్పత్తి ఊరికే పదికి ఒకటి అని పెట్టెయ్యకండి. రొనాల్డ్ ఫిషర్ అనే జీవశాస్త్రవేత్త 1930లో వివరించినట్టు, మగవాళ్ళు తక్కువైతే ఒక్కో మగాడికి ఎక్కువమంది పిల్లలు పుడతారు కాబట్టి మగపిల్లల్ని ఎక్కువ కనే కుటుంబాలే లాభపడతాయి, అలా తిరిగి సమానానికి వస్తుంది. నిష్పత్తి వంకరగా ఉండాలంటే ఆ వంకర ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి.

4. క్యాలెండర్

ఇది తొందరగా అయిపోతుంది. ఏడాదంతా కనే జాతా, సీజన్లో కనే జాతా? సీజన్ అయితే అందరి పుట్టినరోజులూ ఒకే నెలలో వస్తాయి, ఊళ్ళో పిల్లలంతా బ్యాచులు బ్యాచులుగా పెరుగుతారు, ఆ నెల్లో యుద్ధాలుండవు, లేదా సరిగ్గా ఆ నెల్లోనే శత్రువులు వస్తారు. పండగలు కూడా అక్కడే పడతాయి.

5. ఒళ్ళు

గుడ్లు పెట్టే, పాలివ్వని బల్లి జాతి ఆడవాళ్ళకి రొమ్ములు గియ్యకండి బాబూ. మరీ దారుణం. ఒంట్లో ప్రతి తేడాకీ ఒక పనుండాలి. మగవాళ్ళు ఆడవాళ్ళ కోసం కొట్టుకునే జాతిలో మగవాళ్ళు పెద్దగా ఉంటారు, జంటగా కలిసి పెంచే జాతిలో ఇద్దరూ ఒకేలా ఉంటారు, గుడ్ల సంఖ్యే ముఖ్యమైతే ఆడది పెద్దది. తాబేలు పిల్లల్లాగా బయటికి అస్సలు తెలియకపోవడం కూడా ఒక ఆప్షనే. నా జోలువలకి పన్నెండేళ్ళు వచ్చి జోలె మడత విచ్చుకునేదాకా ఎవరు ఎవరో తెలీదు, ఊహలు మాత్రం ఊరంతా చేస్తారు.

6. ఒళ్ళు వేరు, ఊరు పెట్టే పేరు వేరు

ఇక్కడిదాకా చెప్పింది సెక్స్. జెండర్ ఇప్పుడు మొదలవుతుంది. ఒంట్లో మూడు రకాలున్నా ఊరు రెండే గుర్తించొచ్చు, రెండే ఉన్నా నాలుగు గుర్తించొచ్చు. మన దేశంలోనే చూడండి, హిజ్రాలు వందల ఏళ్ళుగా ఉన్నారు, ఆశీర్వాదం కోసం పిలుస్తారు, ఇల్లు అద్దెకి మాత్రం ఇవ్వరు, చట్టంలో మూడో జెండర్‌గా గుర్తింపు 2014లో నల్సా అనే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. మనుషులు మారలేదు, కాగితం మారింది. మీ జాతిలో ఆ కాగితం ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. పనులు, బట్టలు, ఆస్తి, శవానికి నిప్పు పెట్టే హక్కు, ఇవి ఏ గీత మీద విడిపోతున్నాయి? ఊరు పెట్టిన పేరు ఒంటికి నప్పనివాళ్ళు ఎలా బతుకుతారు? నా కథలో జోలె వచ్చినా మొయ్యను పొమ్మన్న ఒకరున్నారు, నిజానికి హీరో వాళ్ళే. ఇంకోటి, ఆడ మగ కాని పాత్రలన్నీ రాక్షసులకీ గ్రహాంతరవాసులకీ ఇచ్చేసి మనుషుల్ని మాత్రం నీట్‌గా రెండు వరసల్లో నిలబెట్టే కథలు చూస్తే నాకు చిరాకు, ఆ పని చెయ్యకండి.

వరసలు కూడా ఇక్కడే. మా వీధిలో సగం తెలుగు ఇళ్ళు, సగం ఒడియా ఇళ్ళు. మేనమామ కూతుర్ని చేసుకోవడం మనకి హక్కు లాంటిది, పక్కింటి ఒడియా ఆంటీకి మాత్రం అది చెల్లెల్ని చేసుకోవడమే. నా మరదల్ని నేను ఏడిపిస్తుంటే ఆవిడ మొహం చూడాలి! ఒకే గోడ, ఇటు పక్క సరసం, అటు పక్క పాపం. జోలువల్లో ఒకే జోలెలో పెరిగిన ఇద్దరు పెళ్ళాడకూడదు, తల్లులు వేరైనా సరే, ఒకే తల్లి పిల్లలైనా వేరే జోలెల్లో పెరిగితే మాత్రం ఊరు పట్టించుకోదు. చదివేవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి, అప్పుడే అది వేరే జాతి అనిపిస్తుంది.

7. అన్నిటికంటే కష్టం, క్రియాపదం

ఇంగ్లీషులో రాసేవాళ్ళ సలహాలు ఇక్కడ మనకి పనికిరావు. వాళ్ళకి సర్వనామం ఒక్కటే తలనొప్పి. ఒడియావాళ్ళకి అదీ లేదు, "సే ఆసిలా" అంటే వాడొచ్చినా అదే, ఆమె వచ్చినా అదే. మన తెలుగులో వాక్యం చివర క్రియ పట్టుకుంటుంది, వచ్చాడు, వచ్చింది. పైగా మన దగ్గర ఏకవచనంలో గీత మగవాడికీ మిగతా అందరికీ మధ్య ఉంది, ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి గీత జరిగి మనుషులకీ మిగతావాటికీ మధ్య పడుతుంది, వాళ్ళు వచ్చారు, అవి వచ్చాయి. మూడో లింగాన్ని "వచ్చింది" అంటే పాఠకుడు ఆడది అనుకుంటాడు లేదా వస్తువు అనుకుంటాడు.

నేను చేసినవి చెప్తాను. "తను" అనే మాట బంగారం, అందరికీ సరిపోతుంది, కానీ దాని వెనక క్రియ మళ్ళీ దొరికిపోతుంది. అందుకని జోలెవాళ్ళకి "తను వచ్చారు" అని గౌరవ బహువచనం ఇచ్చేశాను, వదినగారు వచ్చారు అన్నట్టే కాబట్టి చెవికి గుచ్చుకోదు, పైగా ఊళ్ళో వాళ్ళకి పెద్దరికం ఉందని చెప్పకుండానే తెలుస్తుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలందరికీ "అది వచ్చింది", మనమూ ఇంట్లో గుంటల్ని అలాగే అంటాం కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ పన్నెండో ఏట క్రియ మారే రోజే జోలువల పెద్ద పండగ. ఎవరు ఎవరో అసలు తెలీకూడని చోట "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" వాడండి, ఈ రెంటికీ మన భాషలో లింగం లేదు, అంటే కథ ఉత్తమ పురుషలో చెప్తే వంద పేజీలు దాచొచ్చు. ఇంకా కావాలంటే "వచ్చిన జోలువ", "రావడం చూశాను" అని తిప్పుకోండి, కాకపోతే వరసగా నాలుగు వాక్యాలు అలా తిప్పితే ప్రభుత్వ ప్రకటనలా ఉంటుంది, నాకు అదే జరిగి ఒక చాప్టర్ మొత్తం తీసేశాను.

8. రాశాక ఇలా చూసుకోండి

మీ జాతిలో ఇద్దరు మామూలు మనుషులు నూతి దగ్గర గొడవ పడే సీను ఒక్క పేజీ రాయండి. యుద్ధాలొద్దు, మాయలొద్దు, ఒట్టి తిట్లు. మనం తిట్టుకునేటప్పుడు అమ్మనీ అక్కనీ లాగుతాం. వీళ్ళు ఎవర్ని లాగుతారు? అది దొరక్కపోతే వెనక్కెళ్ళి ఒకటో మెట్టు మళ్ళీ చూడండి, ఖర్చు ఎవరిదో ఇంకా తేలలేదన్నమాట. నా జోలువల్లో పెద్ద తిట్టు "నిన్ను ఏ జోలే మొయ్యలేదురా" అని. మరదలికి అది వినిపించాను. కాసేపాగి, "మరి మొయ్యనన్న ఆ హీరోని ఏటని తిడతారు బావా?" అంది. ఆ సీను ఇప్పుడు రాస్తున్నాను.